తగిన వ్యక్తి దొరికే వరకు

అమ్మలారా, అయ్యలారా, ముందు వరుసలోని డాక్టర్లూ, వెనక వరుసల్లోని సిస్టర్లూ, వీల్‌చెయిర్లు తోసే తమ్ముళ్లూ, నాలాగే ఈ హాల్లో సగం జీవితం గడిపిన రోగుల బంధువులూ...

నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై నాలుగేళ్లు కాలేజీ లైబ్రరీలో పనిచేసినదాన్ని. మాట్లాడకండి, మాట్లాడకండి అని ఇతరులకు చెప్పడమే నా ఉద్యోగం. అన్నాళ్లు దాచుకున్న మాటలు లోపల ఉన్నాయి. ఐదు నిమిషాల్లో అయిపోతాయని హామీ ఇవ్వలేను.

టోకెన్ నంబర్లు అరిచే ఆ పెట్టెను ఎవరో ఆపేశారు. మంచి పని చేశారు. ఈ హాల్లో ఇంతమంది రోజూ ఉంటారు గానీ ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఇంకొకటి కూడా ఇవాళే చూస్తున్నాను. గుండె వాళ్లు, కిడ్నీ వాళ్లు, షుగరు వాళ్లు, ఎముకల వాళ్లు, మందులిచ్చే కిటికీ వాళ్లు, అందరూ ఒకే గదిలో, ఒకే సమయానికి, ఒకే మనిషి కోసం కూర్చున్నారు. దీని కోసం ఆమె పదకొండేళ్లు తిరిగింది. చచ్చిపోతే తప్ప కుదరలేదు.

కోపంగా మాట్లాడుతున్నానని అనుకుంటున్నారా? అవును, కోపంగానే ఉన్నాను. మీ మీద ఎంత ఉందో, నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. ఎందుకో చెప్పడానికే లేచాను.

సూపరింటెండెంటుగారు ఇందాక రెండు విషయాలు ప్రకటించారు. ఆమె బుధవారం సమావేశాలు నడిపిన గదికి ఆమె పేరు పెడతామన్నారు. సంతోషం. రెండోది, తగిన వ్యక్తి దొరికే వరకు బుధవారం సమావేశాలు నిలిపివేస్తామన్నారు. తగిన వ్యక్తి. అయ్యా, ఆ మాట దగ్గరికే వస్తాను. ముందు ఆమె ఎవరో, తెలియనివాళ్లకు చెప్పనివ్వండి.

ఆమె అసలు పేరు ఈ ఆస్పత్రిలో సగం మందికి తెలియదు. దారం సిస్టర్ అంటే తెలియనివాళ్లు లేరు. ఆ పేరు ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది మా ఆయన కాగితాలతో మొదలైంది. ఆయన అదిగో రెండో వరుసలో కూర్చున్నారు. చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి ఆయన గురించి ధైర్యంగా చెప్తాను.

మా ఆయనకి గుండె జబ్బుంది, కిడ్నీ జబ్బుంది, షుగరుంది, వీటన్నిటికీ మించి మొండితనముంది. మొదటి మూడింటికి ఇక్కడ మూడు విభాగాలు, మూడు అంతస్తులు, మూడు కిటికీలు, మూడు ఫైళ్లు. నాలుగోదానికి మందు లేదు కాబట్టి నాకు అప్పగించారు. పదకొండేళ్ల కిందట, ఒకే ఏడాదిలో ఆయన ఇంట్లో మూడుసార్లు పడ్డారు. మూడుసార్లూ మణికట్టే. ఎముకల విభాగం వాళ్లు చాలా చక్కగా కట్టు కట్టారు. మూడుసార్లూ చక్కగానే కట్టారు.

మూడోసారి ఈ వరండాలో కూర్చుని ఉంటే ఒక సిస్టర్ వచ్చి ఆ కట్టు చూసింది. చూసి నన్ను అడిగింది, "కట్టు బాగుంది మామ్మగారూ. అసలు తాతగారు ఎందుకు పడుతున్నారు?"

ఒక్కసారి ఆలోచించండి. ఏడాదిపాటు, వారానికి రెండుసార్లు, నేనీ మెట్లెక్కి దిగాను. ఒక్కరంటే ఒక్కరు నన్ను ఆ ప్రశ్న అడగలేదు. అడగకపోవడం ఎవరి తప్పూ కాదు. గుండె ఎలా కొట్టుకుంటోందో అడగడానికి ఒక విభాగముంది. కిడ్నీ ఎంత పనిచేస్తోందో అడగడానికి ఒక విభాగముంది. ఈ మనిషి ఎందుకు పడుతున్నాడని అడగడానికి విభాగం లేదు.

నా సంచీలో ఉన్న మందులన్నీ ఒక స్టీలు ట్రేలో పోయించింది. పద్నాలుగు రకాలు. వాటిని వేలితో అటూ ఇటూ జరిపి, ఒక గులాబీ మాత్రనూ ఒక తెల్ల మాత్రనూ పక్కపక్కన పెట్టింది. గులాబీది గుండె వాళ్లిచ్చింది, తెల్లది కిడ్నీ వాళ్లిచ్చింది. రెండూ ఒకే మందు. కంపెనీలు వేరు, అంతే. రెండూ కలిసి మా ఆయన బీపీని నేలకు దించేస్తున్నాయి. ఆయన కూడా దాని వెంటే నేలకు దిగుతున్నారు.

ఇద్దరు డాక్టర్లూ కరెక్టే. విడివిడిగా ఇద్దరూ కరెక్టే. మధ్యలో మనిషి పడిపోతున్నాడు.

ఆ రోజే ఆమె మూడు ఫైళ్లనీ ఒకటి చేసింది. ముందు స్టేప్లర్‌తో కొట్టింది. రెండు వారాలు తిరక్కముందే ఒక కిటికీ దగ్గర పిన్ను పీకేశారు, "వేరేవాళ్ల కాగితాలు మాకెందుకు" అని. మామూలు దారంతో కుట్టింది, తెంపేశారు. అప్పుడు దబ్బనం తెచ్చి, గోనెసంచులు కుట్టే పురికొసతో కుట్టింది. నేను లైబ్రరీ మనిషిని కదా, చూస్తూ ఊరుకోలేకపోయాను. "ఇదేం కుట్టు అమ్మాయ్, వెన్ను దగ్గర ఇంత బిగిస్తే పుస్తకం తెరుచుకుంటుందా?" అన్నాను. ఆమె దారాన్ని పళ్లతో కొరుకుతూనే, "తెరుచుకోవడం తర్వాతి సంగతి మామ్మగారూ, ముందు విడిపోకుండా ఉండనివ్వండి" అంది.

ఆ తర్వాత నేనే ఆమెకు బైండింగు కుట్టు నేర్పాను. రోగికి ఒకటే పుస్తకం. ఏ అంతస్తుకు వెళ్లినా అదే పుస్తకం. ఎవరేం రాసినా తర్వాతివాళ్లు చదవక తప్పదు, ఎందుకంటే వాళ్లు రాయాల్సిన పేజీ దాని పక్కనే ఉంటుంది. పెద్ద కనిపెట్టడమేమీ కాదు. పిల్లలకు స్కూల్లో ఇచ్చే డైరీ లాంటిదే. దానికి ఈ ఆస్పత్రి ఒప్పుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

పుస్తకం కుట్టింది గానీ, మనుషులను కుట్టడం అంత తేలిక కాదు. మా ఆయన సంగతే చూడండి. గుండె డాక్టరుగారు ఒంట్లో నీరు తోడేయాలంటారు. కిడ్నీ డాక్టరమ్మగారు నీరు తగ్గితే కిడ్నీ ఎండిపోతుందంటారు. ఒకరు తోడమంటారు, ఒకరు పోయమంటారు, మా ఆయన మధ్యలో బావిలా నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్యా చీటీలు మోసేది నేను. ఆ డాక్టర్లిద్దరి గదులకీ మధ్య ఇరవై రెండు మెట్లు. ఆరేళ్లలో ఒకరినొకరు చూసుకున్నది క్యాంటీన్లో మాత్రమేనట.

అప్పుడు ఆమె ఒక గది వెతికింది. విరిగిన వీల్‌చెయిర్లు పడేసే గది. సగం ఖాళీ చేయించి ఒక బల్ల వేసింది. బుధవారం మధ్యాహ్నం రెండింటికి, ఒక్కో రోగికి ఇరవై నిమిషాలు. ఆ రోగిని చూసే ప్రతి విభాగం నుంచీ ఒక మనిషి రావాలి. రోగీ ఉండాలి, రోగి ఇంటివాళ్లూ ఉండాలి. అది మా విభాగం కాదు అన్న మాట అక్కడ ఎవరూ అనకూడదు. అన్నారా, ఆ రోగిని వీల్‌చెయిర్లో కూర్చోబెట్టి ఆ విభాగమేదో అక్కడిదాకా స్వయంగా తోసుకుపోవాలి.

గుండె డాక్టరుగారు నవ్వుతున్నారు, కాబట్టి ఇది చెప్పొచ్చు. మొదటి నెలలోనే ఆయన నోరు జారారు. వీల్‌చెయిరు పిడులు ఆమె ఆయన వైపు తిప్పింది. ఆయన తోసుకుంటూ వెళ్లారు. ముప్పావుగంట దాకా రాలేదు. వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. "మూడో అంతస్తులో లిఫ్టు ఆగదండీ!" అన్నారు. ఆ గదిలో కూర్చున్న రోగులందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆ లిఫ్టు అక్కడ ఆగక అప్పటికే తొమ్మిదేళ్లయింది బాబూ! మీరు అప్పటికే పదిహేనేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నారు. కానీ ఒకటి ఒప్పుకోవాలి, పదిహేను రోజుల్లో ఆ లిఫ్టు బాగైంది. మేం తొమ్మిదేళ్లు అర్జీలు పెడితే కానిది, మీరు ఒక్కసారి చెమటోడిస్తే అయింది.

ఇలా నడిచింది. నడుస్తుంటే పైవాళ్ల కంటబడింది. ఎవరో పెద్దలు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఏం చేశారో తెలుసా? సమన్వయ విభాగం అని ఒకటి పెట్టారు. బోర్డు రాయించారు. ఆరో కిటికీ తెరిచారు. విభాగాలన్నిటినీ కలపడానికి ఇంకో విభాగం! దానికి కూడా టోకెన్ తీసుకోవాలి, దానికీ వేరే ఫైలుంది. ఆమె ఆ ఫైలు తీసుకెళ్లి పుస్తకంలో కలిపి కుట్టేసింది.

నవ్వండి, పర్వాలేదు. ఆమె కూడా నవ్వింది. ఇంతవరకూ నవ్వొచ్చు.

ఇక్కడి నుంచి నాకు కష్టంగా ఉంటుంది.

ఒక బుధవారం ఆమెకు జ్వరం వచ్చింది. రాలేదు. రెండింటికి డాక్టర్లు వచ్చారు, రోగులు వచ్చారు. గది తాళం చెవి ఆమె దగ్గరుంది. తలుపు ముందు అందరూ పది నిమిషాలు నిలబడ్డారు. ఆ పది నిమిషాల్లో వరండాలోనైనా కూర్చుని మాట్లాడుకుందామని ఎవరికీ తోచలేదు. ఇంకో తాళం చెవి చేయిద్దామని ఎవరికీ తోచలేదు. ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. నేనూ వెళ్లిపోయాను. మరుసటి బుధవారం ఆమె జ్వరంతోనే వచ్చి తలుపు తీసింది. ఎంత అంకితభావమో అని అందరం ముక్కున వేలేసుకున్నాం.

ఆ తర్వాత ఆమె సెలవు పెట్టలేదు. ఏ రోగికి ఏ డాక్టరుతో పేచీ, ఎవరింట్లో మందులు వేసే దిక్కు లేదు, ఏ రిపోర్టు ఏ కిటికీలో ఇరుక్కుంది, అన్నీ ఆమె తలలోనే ఉన్నాయి. వరండాలో పది అడుగులు వేయలేకపోయేది. ఈ చెయ్యి పట్టుకుని ఒకరు, ఆ చెంగు పట్టుకుని ఒకరు. మధ్యాహ్నం తినాల్సిన డబ్బా నాలుగింటికి విప్పేది. విప్పిందంటే దాని మీద ఎవరిదో ఎక్స్‌రే పెట్టేవాళ్లు. ఒకసారి మెట్ల మీద కూర్చుని నాతో అంది, "నేను మెట్లయిపోయాను మామ్మగారూ. అందరూ ఎక్కుతారు, అందరూ దిగుతారు. మెట్లు మాత్రం ఎక్కడికీ పోవు."

నేను నవ్వాను. బాగా చెప్పావే అన్నాను. మాట బాగుందని మెచ్చుకున్నాను గానీ, అందులో ఉన్న మనిషిని చూడలేదు. చదువుకున్నవాళ్లకుండే జబ్బు ఇది. దీనికీ ఇక్కడ విభాగం లేదు.

మూడేళ్ల కిందట ఆమెకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. నర్సింగు స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం. నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊరు. అది ఆమె అడిగి, రెండుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. ఏడాదికి అరవైమంది పిల్లలకు తను చేసే పని నేర్పాలని ఆమె ఆశ. ఆమె, ఆమెతోనే ఉండే అక్కగారు, ఇద్దరూ అక్కడ ఇల్లు కూడా చూసుకున్నారు. వాళ్ల అక్కగారు వంటగిన్నెలన్నీ కాగితాల్లో చుట్టి పెట్టెలకెత్తారు.

అప్పుడు మనమేం చేశామో గుర్తుందా?

నాకు గుర్తుంది. రాసింది నేనే కాబట్టి. ఆమె వెళ్తే మేం దిక్కులేనివాళ్లమవుతామని ఒక విన్నపం రాశాను. నా జన్మలో అంత బాగా ఇంకేదీ రాయలేదు. మూడువందల పన్నెండు సంతకాలు. రాయడం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. డాక్టర్లు వేశారు, మందుల కిటికీ వాళ్లు వేశారు. ఇరవై రోజుల్లో బదిలీ రద్దయింది. ఇదే హాల్లో మనం చప్పట్లు కొట్టాం. నాకైతే కళ్లవెంట నీళ్లొచ్చాయి, సంతోషంతో.

ఆమె ఆ రోజు నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. "మామ్మగారూ, వాక్యాలు చాలా బాగున్నాయండీ" అంది. అంతే. తర్వాతి రోగిని పిలిచింది.

ఆమె కృతజ్ఞత చెప్పిందనుకున్నాను. మూడేళ్లు అలాగే అనుకున్నాను. మొన్న వాళ్లింటికి పలకరించడానికి వెళ్తే, వాళ్ల అక్కగారు తలుపు తీశారు. అమ్మా, మీరు క్షమించాలి, మీరన్న మాట నేనీ సభలో చెప్తున్నాను. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మెల్లగా అన్నారు, "మీరంతా దాన్ని మెచ్చుకుని మెచ్చుకుని అక్కడే కట్టేశారండీ." గదిలో ఓ మూల ఆ పెట్టెలు ఉన్నాయి. మూడేళ్లయినా గిన్నెలు ఇంకా కాగితాల్లోనే ఉన్నాయి. ఎప్పటికైనా పంపిస్తారేమోనని విప్పలేదట.

ఆవిడ నాకు ఒక చేతిసంచి చూపించారు. అందులో మూడు కవర్లు. ఆయాసమని ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లింది, పీల్చే మందిచ్చారు. కాళ్లవాపులని ఎముకల వాళ్ల దగ్గరికి వెళ్లింది, ఎక్కువసేపు నిలబడకమ్మా అని బిగుతు మేజోళ్లు రాశారు. నీరసమని ఇంకొకరి దగ్గరికి వెళ్లింది, ఐరన్ మాత్రలిచ్చారు. ఆయాసం, కాళ్లవాపు, నీరసం. ఎనిమిది నెలల్లో ఈ ఆస్పత్రిలోనే మూడు అంతస్తులు, మూడు కవర్లు. ఆ మూడింటినీ పక్కపక్కన పెడితే గుండె అలిసిపోయిందని ఇప్పుడు నాకు కూడా అర్థమవుతుంది, నేను డాక్టరును కాకపోయినా. ఎవరూ పక్కపక్కన పెట్టలేదు. పెట్టే మనిషి ఆమె ఒక్కతే. ఆ మనిషికి తీరిక లేదు.

ఆ బల్ల దగ్గర తన పేరు ఒక్కసారి రాసుకుంటే ఇరవై నిమిషాల్లో తేలేది. ఎందుకు రాసుకోలేదు? జాబితాలో ఎప్పుడూ ఇంకొకరుండేవాళ్లు కాబట్టి. ఏడాదిగా ఆ ఇంకొకరు చాలాసార్లు మా ఆయనే.

డాక్టరుగారూ, తల వంచుకోకండి. తప్పు చేసినవాడొకడుంటే నాకు ఎంత హాయిగా ఉండేది! వాణ్ణి తిట్టి ఇంటికి వెళ్లి పడుకునేదాన్ని. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. నాకు ఊపిరాడనివ్వనిది అదే.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వస్తున్నాను సూపరింటెండెంటుగారూ. తగిన వ్యక్తి దొరికే వరకు. మీరు మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ దయచేసి వెతక్కండి. వెతికితే దొరుకుతుంది. ఎక్కడో ఒక అమ్మాయి ఉంటుంది, చురుకైనది, కాదనలేనిది. తెచ్చి ఆ గదిలో పెడతారు. మేం మెచ్చుకుంటాం. ఆమె వెళ్తానంటే నేనో, నాలాంటి ఇంకొకత్తో చక్కని వాక్యాలు రాస్తాం. ఆ అమ్మాయి ఎదురుపడితే నేను చెప్పేది ఒక్కటే, తల్లీ, పారిపో.

ఒక మనిషి భుజాల మీద నడిచేదాన్ని కలిసి పనిచేయడం అనకండి. పదకొండేళ్లూ మనం కలిసి పనిచేయలేదు. ఆమె పనిచేసింది, మనం కలిశాం.

నేనడిగేది చిన్నది. బల్ల ఒక మనిషిది కాకూడదు, వారానిది కావాలి. ఈ బుధవారం గుండె వాళ్లు నడపాలి, వచ్చే బుధవారం కిడ్నీ వాళ్లు, ఆపై వారం మందుల కిటికీ వాళ్లు. గది తలుపు ప్రతి విభాగం తీయగలగాలి. ఎవరికి జ్వరమొచ్చినా రెండింటికి బల్ల దగ్గర మనుషులుండాలి. పుస్తకాలు కుట్టే పని రోగుల బంధువులం చూసుకుంటాం. ప్రతి మంగళవారం నేను వస్తాను, కళ్లు కనిపిస్తున్నంత కాలం.

నా స్వార్థం కూడా చెప్పేస్తాను, దాచను. ఈ బుధవారం జాబితాలో మా ఆయన మూడోవారు. డయాలసిస్ మొదలుపెట్టాలని ఒకరంటున్నారు, ఆ గుండె తట్టుకోదని ఒకరంటున్నారు. అది తేల్చడానికే ఆమె ఆయన పేరు రాసింది. ఆమె చివరిసారి రాసిన జాబితా అది. బుధవారం ఆ తలుపు మూసి ఉంటే, నేను మళ్లీ ఆ ఇరవై రెండు మెట్లూ చీటీలు మోస్తాను. నాకు డెబ్బై ఆరేళ్లు. మోయగలను. కానీ ఆయన దగ్గర అంత సమయం లేదు. ఈ హాల్లో కూర్చున్న చాలామంది ఇంటివాళ్ల దగ్గర కూడా లేదు.

ఇవాళ సోమవారం.

ఆమె కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. మామూలుగా అయితే ఆ తర్వాత ఎవరో ఒకరు, ఇక కూర్చోండి అంటారు. ఇవాళ ఆ మాట నేననను. రెండు నిమిషాలయ్యాక, ఏడాదికి ఒకే ఒక్క బుధవారం ఆ బల్ల బాధ్యత నాది అనగలిగినవాళ్లు అలాగే నిలబడి ఉండండి. అనలేనివాళ్లు కూర్చోండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, చేయలేనిది చేస్తామనడం కంటే అది నయం. ఒక్కరూ మిగలకపోతే ఆ సంగతి కూడా ఇక్కడే, ఆమె అక్కగారి కళ్లెదుటే తెలిసిపోవాలి. అప్పుడావిడ, మన నుంచి ఇక ఎదురుచూసేదేమీ లేదని, ఇంటికి వెళ్లి ఆ పెట్టెలు విప్పుకోవచ్చు.

నేను కళ్లు మూసుకోను. చూస్తూ ఉంటాను.

మైకు ఆపు నాయనా. లేవండి.